రెసిడెన్సీ పర్సనల్ స్టేట్‌మెంట్: "పురుగుమందు కేసులు తప్ప నా దగ్గర కథేమీ లేదు" అన్నవారికి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. 2021లో హౌస్ సర్జన్సీతో సహా ఎంబీబీఎస్ అయిపోయింది. తర్వాత రెండేళ్లు నీట్ పీజీకి చదివారు, కోరుకున్న బ్రాంచి రాలేదు. స్టెప్పులు (అమెరికా లైసెన్సు పరీక్షలు, యూఎస్ఎంఎల్ఈ) రాసి ఇప్పుడు అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (మన పీజీ లాంటి ట్రైనింగ్) అప్లై చేస్తున్నారు. అప్లికేషన్‌తో పాటు మీ గురించి మీరే రాసి పంపే పర్సనల్ స్టేట్‌మెంట్ (పీఎస్) నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ పక్కన పడేశారు. "జిల్లా ఆసుపత్రిలో పురుగుమందు కేసులు, పాముకాట్లు, జ్వరాలు తప్ప ప్రత్యేకంగా ఏమీ చూడలేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని రాసిస్తామంటున్నారు, ఇచ్చేయమంటారా? ఫ్యామిలీ మెడిసిన్‌కి కూడా అదే పంపొచ్చా?"

డబ్బులు ఇవ్వకండి. మీరు "ఏమీ లేదు" అంటూ చెప్పిన ఆ లిస్టులోనే మీ పీఎస్ ఉంది. ఒక్క పేజీ చాలు. మీరు దగ్గరుండి చూసుకున్న ఒక పేషెంటు, ఆ పూట మీరు మీ చేతుల్తో చేసిన పని, అది మిమ్మల్ని మెడిసిన్ వైపు ఎలా తెచ్చింది, ఆ తర్వాత ఏం చేశారు, గ్యాప్ గురించి రెండు మూడు వాక్యాలు, ఎలాంటి చోట ట్రైనింగ్ కావాలనుకుంటున్నారు. ఇంతే. ఫ్యామిలీ మెడిసిన్ సంగతి చివర్లో చెప్తాను.

నా గురించి చెప్పాలి కదా. కోస్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో ఒక కమ్యూనిటీ హాస్పిటల్లో రెసిడెన్సీ చేసి, అక్కడే హాస్పిటలిస్టుగా (అడ్మిట్ అయిన పేషెంట్లని చూసే డాక్టరుగా) ఉండిపోయాను. ఏడేళ్లుగా మా ప్రోగ్రామ్‌కి వచ్చే అప్లికేషన్లు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మన పిల్లల పీఎస్‌లు వాట్సాప్‌లో ఊరికే చదివిపెడుతుంటాను కూడా. కాబట్టి రెండు వైపుల నుంచీ చూశాను.

ముందు వీటిని ఎలా చదువుతారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. సెప్టెంబర్ చివర్లో ఈరాస్ (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) మాకు తెరుచుకుంటుంది. సీట్లు పదుల్లో, అప్లికేషన్లు వేలల్లో. మొదటి జల్లెడ స్కోరు, పాసైన సంవత్సరం, అటెంప్టులు, వీసా. ఈ దశలో పీఎస్ ఎవరూ తెరవరు. ఎంత బాగా రాసినా ఫిల్టర్ దాటించే శక్తి దానికి లేదు, ఆ ఆశ పెట్టుకోకండి. జల్లెడలో నిలిచినవాళ్లవి రెండో విడతలో చదువుతాం, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. ఇక మూడోసారి, ఇంటర్వ్యూ రోజు పొద్దున. జూమ్ తెరవడానికి పది నిమిషాల ముందు కాఫీ పట్టుకుని నేను చదివేది మీ మార్కులు కాదు, ఆ ఒక్క పేజీ. మిమ్మల్ని ఏం అడగాలో అందులోంచే తీసుకుంటాను. అంటే మీరు పీఎస్ రాస్తున్నప్పుడు నిజానికి మీ ఇంటర్వ్యూ ప్రశ్నాపత్రం మీరే తయారుచేసుకుంటున్నారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు పోయి పాస్/ఫెయిల్ మాత్రమే మిగిలాక మన దగ్గర నుంచి వచ్చే అప్లికేషన్లు పైపైన మరీ ఒకేలా కనిపిస్తున్నాయి. మనిషి ఎవరో తెలిసేది రికమెండేషన్ లెటర్లలో, ఈ పీఎస్‌లో.

ఇప్పుడు మీ పురుగుమందు కేసుల దగ్గరికి వద్దాం.

నా మొదటి డ్రాఫ్టు మా తాతయ్య గుండెపోటుతో మొదలైంది. ఊళ్లో డాక్టరు లేడు, టౌనుకి తీసుకెళ్లేలోపు పోయారు, ఆ రోజే డాక్టరు అవ్వాలనుకున్నాను. అబద్ధం కాదు, నిజంగా జరిగిందే. అప్పటికే ఇక్కడ సెకండియర్‌లో ఉన్న మా సీనియర్ అన్న అది చదివి ఫోన్ చేసి, "తాతయ్య గురించి తెలిసిందిరా. నీ గురించి ఏం తెలిసింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చదివే సీటులో కూర్చున్నాక తెలుస్తోంది, తాతయ్యలూ నానమ్మలూ ఎంతమంది మొదటి పేరాలో పోతుంటారో. డాక్టరు ఎందుకయ్యారన్నది ఇక్కడ ఎవరూ అడగడం లేదు, మీరు ఆల్రెడీ డాక్టరు. ఈ బ్రాంచే ఎందుకు, రాత్రి మూడింటికి వార్డులో మీరు ఎలాంటి మనిషి, ఈ రెండే మాకు కావాలి.

అదే పేషెంటు గురించి రెండు రకాలుగా రాసి చూపిస్తాను. అసలు ఇంగ్లీషులోనే రాస్తారనుకోండి, తేడా తెలియడానికి తెలుగులో చెప్తున్నా.

మొదటి రకం: "పురుగుమందు తాగిన ఒక నిరుపేద రైతు ప్రాణాన్ని కాపాడిన ఆ క్షణం నాలో ఇంటర్నల్ మెడిసిన్ పట్ల తీరని తపనను రగిలించింది. వైద్యవృత్తి ఎంత పవిత్రమైనదో ఆ రాత్రి తెలుసుకున్నాను."

రెండో రకం: "రాత్రి పదకొండింటికి మోనోక్రోటోఫాస్ తాగిన ఒక రైతును తీసుకొచ్చారు. ఆ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మా దగ్గర ఆంప్యూలుకి 0.6 మిల్లీగ్రాములే ఉండేది. అందుకే ఒక్కో డోసుకి గుప్పెడు ఆంప్యూళ్లు పగలగొట్టాలి. అయిదు నిమిషాలకోసారి ఛాతీ వినడం, పల్స్, బీపీ చూడడం, చంకలో చెయ్యి పెట్టి చెమట ఆరిందేమో చూడడం, తెల్లకాగితం మీద గీసుకున్న గళ్లలో రాయడం. మూడింటికి ఛాతీ క్లియర్ అయింది. అయిదింటికి అతను గాల్లో దేన్నో పట్టుకోబోతూ నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. కోలుకుంటున్నాడని ఒక నిమిషం సంతోషించాను. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది, పొట్ట మీద స్టెత్ పెడితే శబ్దం లేదు. అట్రోపిన్ ఎక్కువైందని అప్పుడు తట్టింది. డ్యూటీ పీజీని లేపి, ఇన్ఫ్యూజన్ ఆపించి, తర్వాత తక్కువ రేటులో మళ్లీ మొదలుపెట్టాం. గళ్లలో టెంపరేచర్‌కి ఒక వరస లేకపోవడం నా పొరపాటు. మర్నాటి నుంచి మా యూనిట్ చార్టులో అది చేర్చాను."

మొదటిదాంట్లో తపన అన్న మాట ఉంది, మనిషి లేడు. రెండోదాంట్లో మెచ్చుకునే మాట ఒక్కటి లేదు. కానీ చదివేవాడికి ఇతను కూర్చుని గమనిస్తాడని, రాసిపెడతాడని, అనుమానం వస్తే సీనియర్‌ని లేపుతాడని, తప్పు ఒప్పుకుని దిద్దుతాడని తెలిసిపోయింది. ఇంటర్న్ ఇయర్ అంటే ఇక్కడ కూడా సరిగ్గా అదే పని. అమెరికా రెసిడెంట్లలో ఒక రాత్రంతా అట్రోపిన్ చార్టు పట్టుకుని కూర్చున్నవాళ్లు చాలా అరుదు. మీకు రోజూ చూసి చూసి విసుగొచ్చింది కాబట్టి అది కథలా అనిపించడం లేదు, అంతే.

పై సీను నాది, మీరు వాడుకోకండి! మీకు మీది ఉంటుంది. పాముకాటులో ఇరవై నిమిషాల గడ్డకట్టే పరీక్షకి గాజు గొట్టం పట్టుకుని గడియారం చూస్తూ కూర్చోలేదూ? అదైనా చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పేషెంటు పేరు, ఊరు, తేదీ, కులం ఏవీ రాయకండి. ఎందుకు తాగాడో కూడా మీ కథకి అక్కర్లేదు. మన ఆసుపత్రుల పేదరికాన్ని జాలి కోసం పరిచిపెట్టకండి. మంచానికి ఇద్దరు ఉన్నారన్నది మీరు చేసిన పనికి సంబంధం ఉంటేనే రాయండి. "వనరులు లేని చోట" అన్న మాట నేను చదివే ప్రతి రెండో పీఎస్‌లో ఉంటుంది. ఏ వనరు లేదు, దానికి బదులు మీరేం చేశారు, అది చెప్పకపోతే ఆ మాట వృథా.

భాష దగ్గర మనవాళ్లు జారేది గ్రామర్‌లో కాదు, మన ఆసుపత్రి మాటల్లో. హౌస్ సర్జన్ అని రాస్తే ఇక్కడివాళ్లు మీరు సర్జరీ చేశారనుకుంటారు. ఎంబీబీఎస్ చివరి ఏడాది రొటేటింగ్ ఇంటర్న్‌షిప్ అని ఒకసారి చెప్పి, తర్వాత ఇంటర్న్ అనండి. క్యాజువాలిటీ అంటే ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్, పీజీ అంటే రెసిడెంట్, యూనిట్ చీఫ్ అంటే అటెండింగ్, థియేటర్ అంటే ఆపరేటింగ్ రూమ్. ఓపీ పాయిజనింగ్ అని పొట్టిగా రాయకండి, ఆర్గానోఫాస్ఫేట్ పాయిజనింగ్ అని పూర్తిగా రాయండి. పీహెచ్‌సీ, ఆరోగ్యశ్రీ లాంటివి వస్తే పక్కనే అరవాక్యంలో వివరం ఇవ్వాలి. మందుల పేర్లు కూడా: పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021". మనకి అది కాలేజీ పూర్తవడం. ఇక్కడ స్పృహ తప్పి పడిపోవడం. నా పక్క సీటులో కూర్చునే అమెరికన్ డాక్టరమ్మ ఒకసారి ఒక పీఎస్ చదివి, సింకపీ వర్కప్ (స్పృహ ఎందుకు తప్పిందో తేల్చే పరీక్షలు) చేయించారా ఇతనికి అని నన్ను సీరియస్‌గానే అడిగింది. గ్రాడ్యుయేటెడ్ అని రాయండి చాలు.

గ్యాప్. మీరు దీని గురించే ఎక్కువ భయపడుతున్నారని ప్రశ్నలోనే తెలుస్తోంది. చాలామంది నీట్ పీజీ సంగతి దాచి, ఆ రెండేళ్లని ఏదో రీసెర్చ్‌తో కప్పబోతారు. దాచడానికేముంది? మన దగ్గర నుంచి వచ్చేవాళ్లలో సగం మంది కథ అదేనని మాకు తెలియదా? ఏం జరిగింది, ఆ టైములో ఏం చేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు. మూడు వాక్యాలు. "రెండేళ్లు ఇండియాలో పీజీ ఎంట్రన్స్‌కి చదివాను, ఇంటర్నల్ మెడిసిన్ సీటు రాలేదు. ఆ కాలంలో ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేశాను. వేరే బ్రాంచిలో చేరడం కంటే కోరుకున్న బ్రాంచి కోసం మళ్లీ మొదలుపెట్టడమే నయమనిపించి స్టెప్పులు రాశాను." డ్యూటీలు నిజంగా చేసి ఉంటేనే, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. రిజర్వేషన్లనీ, సిస్టమ్‌నీ, పేపర్ కష్టంగా వచ్చిందనీ తిట్టే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. అలాగే "ప్రపంచంలోనే అత్యుత్తమమైన అమెరికా వైద్యవ్యవస్థ" అని పొగడకండి. చదివే మనిషి ఆ పూటే ఒక సీటీ స్కాన్ కోసం ఇన్సూరెన్స్ కంపెనీతో నలభై నిమిషాలు ఫోన్‌లో కొట్టుకుని వచ్చి ఉంటాడు.

స్టెప్ ఫెయిలైనవాళ్లకీ ఇదే. నేను చదివిపెట్టిన ఒక తమ్ముడు స్టెప్ 1 ఒకసారి పోయినందుకు అరపేజీ సంజాయిషీ రాశాడు. రెండు లైన్లకి కుదించాం. ఇంటర్వ్యూలో అడిగారట, అరనిమిషంలో చెప్పేశాడు, వాళ్లు వేరే ప్రశ్నకి వెళ్లిపోయారు.

ఇక్కడ చేసిన అబ్జర్వర్‌షిప్ గురించి: అబ్జర్వర్‌షిప్ అంటే చూడడం. "పేషెంట్లని మేనేజ్ చేశాను" అని రాయకండి. ఒక అప్లికేషన్‌లో పీఎస్ అలా చెప్తోంది, అదే క్లినిక్ డాక్టర్ ఇచ్చిన లెటర్ "శ్రద్ధగా గమనించాడు" అంటోంది. రెండూ పక్కపక్కనే మా స్క్రీన్ మీద ఉంటాయని పాపం అతనికి తట్టలేదు. ఆ తర్వాత అందులో ఏ వాక్యాన్నీ నమ్మాలనిపించలేదు.

కన్సల్టెన్సీ ఎందుకు వద్దన్నానంటే, ఈరాస్‌లో సబ్మిట్ చేసేటప్పుడు ఇది నా సొంత రాత అని మీరు సర్టిఫై చేస్తారు. ఇతరుల రాతలు పట్టుబడడం కొత్తేమీ కాదు. 2010లోనే ఒక పెద్ద అమెరికన్ ఆసుపత్రికి వచ్చిన 4,975 పీఎస్‌లను సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూసి, 5.2 శాతం వాటిలో కాపీ ఉందని ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వేశారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఎంత ముదిరాయో చెప్పక్కర్లేదు. కానీ నాకు పట్టుబడడం కంటే పెద్ద భయం ఇంటర్వ్యూ. ఒకాయన పీఎస్‌లో ఏజెన్సీ ప్రాంతంలో మెడికల్ క్యాంపు గురించి చాలా అందంగా ఉంది. తెలుగువాణ్ణి కదా, నాకు ఆసక్తి కలిగి, "ఆ క్యాంపులో ఎక్కువగా ఏ కేసులు చూశారు?" అని అడిగాను. స్క్రీన్ మీద అటూ ఇటూ చూసి, "చాలా రకాల కేసులు చూశాం సర్" అన్నాడు. మలేరియా అన్నా సరిపోయేది. ఆ మిగతా పదిహేను నిమిషాలూ ఇద్దరికీ ఇబ్బందే.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. ఆలోచనలకీ, తప్పులు దిద్దుకోవడానికీ వాడొచ్చని, చివరికి ఉండాల్సింది మాత్రం మీ సొంత మాటేనని ఈరాస్ నడిపే ఏఏఎంసీయే చెప్పింది. నా అనుభవంలో దానికి మొత్తం అప్పగించినవి ఒకే టైలర్ కుట్టిన యూనిఫాముల్లా వస్తున్నాయి. వరసగా నాలుగు చదివితే ఎవరిది ఏదో గుర్తుండదు.

మరి ఎలా రాయాలి? ముందు తెలుగులో చెప్పండి. నేను ఇది నమ్మడానికి కారణం ఒక అమ్మాయి. విశాఖ వైపు చదువుకుంది. పీఎస్ నిండా "నెఫ్రాలజీ పట్ల ప్యాషన్". ఫోన్ చేసి, నీకు బాగా గుర్తున్న పేషెంటు ఎవరమ్మా అంటే, ఉద్దానం వైపు నుంచి డయాలిసిస్‌కి వచ్చే ఒకాయన గురించి పావుగంట ఆపకుండా చెప్పింది. సోమవారం వచ్చేసరికి ప్రతిసారీ పొటాషియం ఎక్కువ. అందరూ అరటిపళ్లు మానెయ్యమని తిట్టేవారట. ఈ అమ్మాయి కూర్చుని అడిగితే తేలిందేమిటంటే, శనివారం సాయంత్రం షిఫ్టు అయ్యేసరికి ఆయన ఊరికి వెళ్లే చివరి బస్సు పోతుంది, అందుకని ఆ రోజు మానేస్తున్నాడు. టెక్నీషియన్‌ని బతిమాలి పొద్దున షిఫ్టుకి మార్పించింది. "ఇది రాయలేదేం?" అంటే, "ఇది మెడిసిన్ కాదు కదా అన్నా, బస్సు గొడవ" అంది. అదే ఆమె మొదటి పేరా అయింది. ఇంటర్వ్యూల్లో దాదాపు అందరూ ఆ బస్సు గురించే అడిగారట. ఆ మార్చిలో మ్యాచ్ అయింది, అంటే రెసిడెన్సీ సీటు వచ్చింది. పీఎస్ వల్లే అని అనను, స్కోరు కూడా బాగుంది.

కాబట్టి ఫోన్‌లో రికార్డర్ పెట్టుకుని, స్నేహితుడికి చెప్తున్నట్టు మీ రాత్రి డ్యూటీ ఒకటి చెప్పండి. తర్వాత విని, అందులో మీరు చేసిన పనులు మాత్రం చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. జులైకి ఒక రూపం వస్తే సెప్టెంబర్‌కి హడావుడి ఉండదు. ఒక డాక్టరుకీ, వైద్యంతో సంబంధం లేని ఒకరికీ చూపించండి. పదిమందికి చూపిస్తే పదిమందీ తలో చెయ్యి వేసి మీ గొంతు పోగొడతారు.

సాంకేతిక విషయాలు గబగబా. నేను అప్లై చేసినప్పుడు ఈరాస్ పెట్టెలో 28,000 అక్షరాలు పట్టేవి. ఆ చోటంతా నింపినవాణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. 650 నుంచి 750 పదాలు, ఒక పేజీ దాటనివ్వకండి. వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేస్తే వంకర కొటేషన్ గుర్తులు ప్రశ్నార్థకాలైపోతాయి, ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి తీయండి. పీఎస్‌కి మీరు పెట్టే టైటిల్ ప్రోగ్రామ్‌లకి కనిపించదు, కాబట్టి కవిత్వం వద్దు, ఏది దేనికో మీకు తెలిసేలా పెట్టుకోండి. ఎక్స్‌పీరియన్సుల సెక్షన్‌లో ఎలాగూ పది అనుభవాలు, వాటిలో ముఖ్యమైన మూడింటికి విడిగా వివరం రాస్తారు. వాటినే ఇక్కడ మళ్లీ వల్లించకండి. వీసా ఊసు పీఎస్‌లో అక్కర్లేదు, దానికి వేరే గడి ఉంది.

ఫ్యామిలీ మెడిసిన్ సంగతి. అదే పంపకూడదు, వేరుగా రాయాలి. పేషెంటు అదే ఉండొచ్చు, చెప్పే వైపు మారుతుంది. మెడిసిన్‌వాళ్లకి ఆ రాత్రి డోసు ఎలా పట్టుకున్నారన్నది ముఖ్యం. ఫ్యామిలీ మెడిసిన్‌వాళ్లకి అతను డిశ్చార్జి అయ్యాక ఎవరు చూశారు, భార్య మిమ్మల్ని ఏం అడిగింది, మళ్లీ ఓపీకి వచ్చాడా అన్నవి ముఖ్యం. వాటికి మీ దగ్గర జవాబు లేకపోతే వేరే పేషెంటుని వెతుక్కోండి. ఏ ప్రోగ్రామ్‌కి ఏ పీఎస్ అన్నది ఈరాస్‌లో మీరే ఒక్కొక్కటిగా అసైన్ చేయాలి. "పుట్టిన బిడ్డ నుంచి అవ్వ దాకా కుటుంబం మొత్తాన్నీ చూసుకోవాలన్నదే నా కోరిక" అన్న పీఎస్ మా ఇంటర్నల్ మెడిసిన్‌కి ఏటా ఒకటైనా వస్తుంది. మేం పిల్లల్ని చూడం. అసైన్ చేశాక ఒక రాత్రి పడుకుని, పొద్దున లిస్టు మళ్లీ తెరిచి ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకుని, అప్పుడు సబ్మిట్ నొక్కండి.